లూసీ అసలు పుట్టినరోజు

ఆ శుక్రవారం సాయంత్రం న్యూజెర్సీ పిస్కాటవేలోని ఆ టౌన్‌హోమ్‌లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వంటింట్లో గారెలు వేస్తున్న జోసఫిన్ పెద్దమ్మ. హాల్లో కుర్చీలు వరసగా సర్దుతూ, ఎవరూ అడగకపోయినా నడుం పట్టుకుని మూలుగుతున్న జూడ్ పెదనాన్న. మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న వాళ్ళమ్మాయి నమ్రత. ప్రార్థన కూడిక ఆరింటికైతే నాలుగింటికే వచ్చి సోఫాలో స్థిరపడిన పాస్టరు దైవాశీర్వాదం గారు. ఆయన్ని కారులో తీసుకొచ్చి, వచ్చిన పని అయిపోయినట్టు గారెల పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్న సంఘపెద్ద షాలేం రాజు గారు. టీవీ బల్ల మీద, ప్లాస్టిక్ మల్లెల దండ వేసిన ఫొటోలో లూసీ. ఆ ఫొటో పక్కనే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిన లూసీ కూతురు జెమీమా.

లూసీని ఇంట్లో ఉన్నవాళ్ళ లెక్కలో వేయాలా వద్దా అన్నది జెమీమాకి కొన్నాళ్ళుగా తేలని సంగతి.

లూసీ చనిపోయి ఆ రోజుకి ఏడాది. ఆవిడ న్యూజెర్సీలోనే ఒక వృద్ధుల హోమ్‌లో నర్సుగా పనిచేసేది. భర్త ఎప్పుడో పోయాడు. కూతుర్ని నరసాపురం దగ్గర పల్లెలో తల్లి దగ్గరే ఉంచి, తొమ్మిదో తరగతి అయ్యాక తెచ్చుకుంది. ఏడాదైనా కలిసి ఉన్నారో లేదో, అమ్మమ్మ పోయిందని కబురొస్తే ఇద్దరూ బయల్దేరి వెళ్ళారు. అక్కడ లూసీకి జ్వరం తగిలింది. అదే జ్వరంలో పోయింది. అమ్మమ్మ పక్కనే గొయ్యి తీశారు. జెమీమా తన చేత్తో మట్టి వేసింది. ఆ మట్టి తడిగా ఉండి గోళ్ళలో ఇరుక్కుంది. అప్పుడు అక్కడికి వచ్చిన జోసఫిన్ పెద్దమ్మే, ‘నా చెల్లెలి కూతురు నా కూతురే’ అని చెయ్యి పట్టుకుని విమానం ఎక్కించింది.

పెద్దమ్మ లూసీ ఫోను నంబరు తీయించలేదు. ‘లైన్ కట్ చేయిస్తే నా చెల్లెలు రెండోసారి పోయినట్టుంటుంది’ అని చర్చిలో అంటే ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఫోను పెద్దమ్మ గదిలో, బట్టల క్లోజెట్‌లో, ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండేది. బెంగపడ్డప్పుడు జెమీమా ఆ నంబరుకి ఫోన్ చేసేది. పై అంతస్తులో తలుపు వెనక సన్నగా మోగి మోగి, చివరికి అమ్మ గొంతు ఇంగ్లీషులో వచ్చేది. తాను లూసీననీ, మెసేజ్ పెట్టమనీ. అంతే. ఆ నాలుగు ముక్కలు విని పడుకునేది.

మొన్న చలి తగ్గుతున్న రోజుల్లో ఒకసారి స్కూల్లో ఒంట్లో బాగోలేదు. తన ఫోను ఇంట్లో మర్చిపోయింది. స్కూలు ఆఫీసు గదిలో ఉండే ఆవిడ తమ ఫోను ముందుకు జరిపి, ఇంటికి చెప్పుకోమంది. వేళ్ళు వాటంతట అవే అమ్మ నంబరు నొక్కాయి. ఒకసారి మోగింది. రెండోసారి మోగకముందే ఎవరో ఎత్తారు.

“హలో, లూసీ స్పీకింగ్.”

రికార్డు చేసిన మాట కాదు. ఊపిరి వినిపించింది. అమ్మ డ్యూటీలో మాట్లాడే ఇంగ్లీషే. ముసలివాళ్ళని మాత్ర వేసుకున్నారా అని అడుగుతున్నట్టు చివర కొంచెం సాగదీసే పలుకు. “హలో? యెస్, దిస్ ఈజ్ లూసీ.” జెమీమా ఫోను పెట్టేసింది. రోజూ పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతి కూడా డైరీలో రాసుకునే పిల్ల, ఆ మాట మాత్రం రాయలేదు. రాస్తే నిజమవుతుందని ఒక భయం. రాసి చదువుకుంటే అబద్ధంలా కనిపిస్తుందని ఇంకో భయం.

ఆ తర్వాత ఆమె ఆ నంబరుకి మళ్ళీ ఫోన్ చేయలేదు. కానీ పై అంతస్తులో పెద్దమ్మ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు నడక దానంతటదే ఆగిపోయేది. లోపల ఫోను తేనెటీగలా జుమ్మనేది. అమ్మకి ఎవరో ఫోన్ చేస్తున్నారు. అమ్మకి ఇంకా ఎవరితోనో పని ఉంది.

తలుపు గంట మోగింది.

“భోజనాల టైముకి వచ్చేవాళ్ళంతా దేవదూతలే. లోపలికి రమ్మనండి” అన్నారు షాలేం రాజు గారు నోట్లో గారెతో.

“ఇంకా నాలుగున్నరేగా బ్రదర్, భోజనాలంటారేంటి?” అన్నారు పాస్టరు గారు.

“నా కడుపుకి ఇండియా టైమండీ పాస్టరు గారూ.”

జూడ్ పెదనాన్న తలుపు తీశాడు. గుమ్మంలో నడివయసు ఆవిడ. మెడలో ఫొటో ఉన్న కార్డు, చేతిలో తోలు సంచి. పేరు మిసెస్ ఓర్టిజ్ అనీ, రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చాననీ, నిరుద్యోగ భృతిలో మోసాలు విచారించే విభాగమనీ ఇంగ్లీషులో చెప్పింది. జెమీమా ఒక్కసారి నిటారుగా, చేతులు కట్టుకుని నిలబడింది. పల్లె బడికి తనిఖీకి ఎం.ఇ.ఓ. గారు వచ్చినప్పుడు నిలబడ్డట్టు. మెట్ల మీద నమ్రత కిసుక్కుమంది. “జెమీ, షీ ఈజ్ నాట్ ద ప్రెసిడెంట్. కూచో.”

మిసెస్ ఓర్టిజ్ దండ వేసిన ఫొటో చూసి ఆగింది. “ఈవిడేనా లూసీ?”

“మా మరదలండి. షీ ఈజ్ నో మోర్. ఇవాళ్టికి వన్ ఇయర్. అందుకే ప్రేయర్ పెట్టుకున్నాం” అన్నాడు పెదనాన్న.

ఆవిడ మర్యాదగా తల వంచింది. కూర్చోమంటే కూర్చుంది. తాను వచ్చిన పని నెమ్మదిగా చెప్పింది. ఈ మధ్య తమ డిపార్ట్‌మెంటు భృతి అడిగినవాళ్ళ పేర్లన్నీ చనిపోయినవాళ్ళ రికార్డులతో పోల్చి చూస్తోందట. పోయినవాళ్ళ పేర్లు వాడుకుని డబ్బు లాగే ముఠాలు ఉన్నాయట. అలా చూస్తుంటే లూసీ పేరు తేలింది. పోయిన శీతాకాలం నుంచి ఆ పేరుతో ఎవరో ప్రతివారం ఆన్‌లైన్‌లో ప్రశ్నలకి జవాబులు ఇస్తున్నారు. ఈ వారం పని చేయగల ఆరోగ్యం ఉందా? ఉంది. పని ఇస్తే వెళతారా? వెళతాను. పని కోసం వెతికారా? వెతికాను.

జెమీమా ఫొటో వంక చూసింది. డబుల్ డ్యూటీ చేసి వచ్చి, బూట్లు విప్పే ఓపిక లేక అలాగే సోఫాలో నిద్రపోయే అమ్మ. ప్రతివారం లేచి, పని చేయగలనని చెబుతోంది.

“ఎవరో హ్యాకర్స్ అయ్యుంటారు మేడమ్. నాకూ నైజీరియా రాజుగారు నెలకోసారి మెయిల్ పెడతారు” అన్నారు షాలేం రాజు గారు.

“మేమూ మొదట అదే అనుకున్నాం. ఆవిడ ఏ హాస్పిటల్లో పోయారు?” అని అడిగింది మిసెస్ ఓర్టిజ్.

“హాస్పిటల్ కాదండి, ఇండియాలో. మా విలేజ్‌లో” అన్నాడు పెదనాన్న.

ఆవిడ కలం ఆగింది. ఇక్కడి రికార్డులో ఉన్నది కుటుంబం ఇచ్చిన సమాచారమేనని ఏదో గొణుక్కుంది. తర్వాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. భృతి ఇచ్చే ముందు తమవాళ్ళు ఫోన్ చేసి, మనిషి ఆ మనిషేనా అని సరిచూసుకుంటారనీ, అది రికార్డవుతుందనీ, ఈ గొంతు ఎవరిదైనా గుర్తుపడతారేమో వినమనీ చెప్పింది.

“హలో, లూసీ స్పీకింగ్.”

పాస్టరు గారు తాగబోతున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశారు. పెదనాన్న పట్టుకున్న కుర్చీ పట్టుకున్నట్టే ఉండిపోయాడు. బల్ల మీది ఫోనులో మగ గొంతు మర్యాదగా పుట్టినతేదీ అడిగింది.

“డిసెంబర్ ట్వెంటీ సిక్స్… అయ్యో! సారీ, సారీ సర్. జూన్ ఫస్ట్.”

“అమ్మ!” అంది జెమీమా.

ఎప్పుడూ పక్కవాళ్ళకి కూడా వినపడని ఆమె గొంతు హాలంతా వినపడింది. మిసెస్ ఓర్టిజ్ రికార్డు ఆపేసి ఆమె వైపు తిరిగింది. “ఎవరమ్మా?”

“మై మదర్. మా అమ్మే” అంది జెమీమా. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“పాపని కంగారు పెట్టకండి” అన్నారు పాస్టరు గారు. తర్వాత ఆయనే గొంతు తగ్గించారు. “చెప్పకూడదు గానీ… లూసీ సిస్టర్ గొంతులాగే ఉంది.”

మిసెస్ ఓర్టిజ్ అందర్నీ ఒకసారి చూసింది. డబ్బు దొంగలు తేదీని కాగితం చూసి చదువుతారనీ, వాళ్ళకి ఇలాంటి తడబాటు రాదనీ అంది. “డిసెంబర్ ఇరవై ఆరు అంటే మీలో ఎవరికైనా ఏమైనా తడుతోందా?”

పాస్టరు గారు జ్ఞాపకార్థ కార్డు తీసి చూపించారు. దానిమీద పుట్టినతేదీ జూన్ ఒకటి అనే ఉంది. పెదనాన్న కూడా జూన్ ఒకటే అన్నాడు. వాళ్ళకి తెలిసింది అదే. బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరు, ఊళ్ళో సగంమంది పిల్లలకి రాసినట్టే, లూసీకి కూడా జూన్ ఒకటి అని రాసేశాడు. సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, నర్సు లైసెన్సు, అన్నీ ఆ తేదీ మీదే నడిచాయి. అసలు లూసీ పుట్టింది క్రిస్మస్ మర్నాడు. అమ్మమ్మ ఆ రోజు పండగ పిండివంటల్లోంచి రెండు అరిసెలు దాచి, లూసీకని విడిగా పెట్టేది. లూసీ అమెరికా వెళ్ళిపోయాక కూడా పెట్టి, వాటిని జెమీమాకి తినిపించేది. బయటివాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. కాగితాల్లో ఒకటీ నోట్లో ఒకటీ అయితే వీసా దగ్గర చిక్కులొస్తాయని.

అందుకే ఆ తేదీ వినగానే జెమీమా నోట్లోంచి ‘అమ్మ’ అని వచ్చేసింది. అమ్మకి తప్ప ఎవరికి తెలుసు? అమ్మమ్మకి తెలుసు, ఆవిడ పోయింది. తనకి తెలుసు. ఇంక…

ఆమె తలెత్తి వంటింటి వైపు చూసింది.

జోసఫిన్ పెద్దమ్మ గుమ్మంలో జల్లిగరిటె పట్టుకుని నిలబడి ఉంది. గరిటె నుంచి నూనె చుక్క చుక్కగా కార్పెట్ మీద పడుతోంది. మంచినీళ్ళ బొట్టు పడితేనే మోకాళ్ళ మీద కూర్చుని తుడిచే మనిషి, కిందికి చూడటం లేదు. జెమీమానే చూస్తోంది.

పెద్దమ్మ ఇంగ్లీషు మాట్లాడగా జెమీమా ఎప్పుడూ వినలేదు. ఇంట్లో తెలుగు, చర్చిలో తెలుగు, పొద్దున్నే తల్లులు ఆవిడ దగ్గర వదిలివెళ్ళే చంటిపిల్లలతో తెలుగు. ఇంగ్లీషులో ఆవిడ గొంతు ఎలా ఉంటుందో తెలుసుకునే అవసరమే రాలేదు. ఒక తల్లి పిల్లలు, ఒకే గొంతు.

“సమాధి చేయడం మీలో ఎవరైనా కళ్ళారా చూశారా?” అంటోంది మిసెస్ ఓర్టిజ్.

“నేను చూశాను” అంది జెమీమా, మళ్ళీ పాత గొంతుతో.

“కానీ ఈ గొంతు అమ్మదేనన్నావు.”

మిసెస్ ఓర్టిజ్ నిట్టూర్చింది. ఉన్నది రెండే దారులని చెప్పింది. ఎవరో లూసీలా మాట్లాడారు. లేదా లూసీ బతికే ఉండి, చనిపోయినట్టు చెప్పించి, ఎక్కడో ఉండి డబ్బు తీసుకుంటోంది. కుటుంబమే గొంతు గుర్తుపట్టింది కాబట్టి, తాను రెండోది రాసుకోక తప్పదు. కారులో కూర్చుని ఆఫీసుకి ఫోన్ చేసుకుంటాననీ, ఎవరికైనా ఏమైనా గుర్తొస్తే రమ్మనీ చెప్పి బయటికి వెళ్ళింది.

“జెమీ, ఒకసారి పైకి రామ్మా” అంది పెద్దమ్మ.

గదిలో పెద్దమ్మ తలుపు దగ్గరికి వేసింది. క్లోజెట్ సందులోంచి చార్జర్ తీగ కనిపిస్తోంది.

“స్కూల్నించి నేను ఫోన్ చేశాను. అప్పుడు ఎత్తింది నువ్వేనా పెద్దమ్మా?”

పెద్దమ్మ మంచం మీద కూలబడింది. “నువ్వా అది? కొత్త నంబరు… నేను ఆ ఆఫీసువాళ్ళనుకున్నాను.” జెమీమా మొహం చూసి అంది, “భయపడ్డావా తల్లీ?”

భయపడింది. ఎంత భయపడిందో అంతగా ఆ భయాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ బతికింది. అమ్మ ఫోన్ ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తలేదు. ఆ తడిమట్టి కింద నుంచి ఎవరూ లేవలేదు. జెమీమాకి అమ్మ ఇప్పుడే, ఈ గదిలోనే పోయినట్టు అనిపించింది.

“మీ పెదనాన్న ఎన్నాళ్ళుగా బెంచ్ మీద ఉన్నాడో నీకు తెలీదు” పెద్దమ్మ గొంతు తగ్గించి గబగబా చెప్పింది. “పేపర్ల మీద జాబ్ ఉంది, జీతం లేదు. కన్సల్టెన్సీవాడు ప్రాజెక్ట్ దొరికితేనే ఇస్తానంటాడు. బయటికి చెబితే వీసా పోతుంది. ఆయన అన్ఎంప్లాయ్‌మెంట్ అడగడానికి లేదు. మరి తినొద్దా? లూసీ ఎన్నేళ్ళు గొడ్డులా చాకిరీ చేసింది! దాని కష్టమే కదా అది. నీకే పెట్టాను. నువ్వు తిన్నావు, నమ్రత తింది.”

“పెదనాన్నకి తెలుసా?”

“తెలిస్తే ఆ మనిషి ఈపాటికి చర్చిలో సాక్ష్యం చెప్పేసేవాడు.”

“ఆవిడ అమ్మ బతికే ఉందనుకుంటోంది పెద్దమ్మా.”

“అనుకోనీ.”

“అమ్మ దొంగదని రాసుకుంటోంది.”

“రాసుకోనీ! సమాధిలో ఉన్నదాన్ని ఏ గవర్నమెంటు పట్టుకెళుతుంది? నన్నయితే పట్టుకెళుతుంది. ఈ ఇల్లు ఉండదు. పెదనాన్న, నమ్రత ఇండియా విమానం ఎక్కాలి. నిన్ను ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళింట్లో పెడతారు.” పెద్దమ్మ జెమీమా రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు పిండివాసన వేస్తున్నాయి. “నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. ఊరుకోమంటున్నాను. ఎప్పుడూ ఊరుకునే ఉంటావుగా, ఇవాళ కూడా ఊరుకో. నేను దానికి అక్కని కాదా? అది పుట్టినప్పుడు మంత్రసాని గుమ్మం దాటి రావద్దంటే, పొద్దుటిదాకా గుమ్మంలో కూర్చున్నది నేను. దాని మీద నాకు ప్రేమ లేదనుకుంటున్నావా?”

“ఉంది” అంది జెమీమా. అది నిజమే. ఏడాదిగా తన జుట్టు దువ్వింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది ఈ చేతులే.

కింద పెదనాన్న పిలుస్తున్నాడు. గారెలు మాడిపోతున్నాయట. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని ముందు దిగింది.

జెమీమా మెట్ల మీద ఆగింది. ఊరుకోవడం ఆమెకి చేతకాని పని కాదు. ఊళ్ళో బళ్ళో ఊరుకుంది, ఇక్కడ బళ్ళో ఊరుకుంటోంది. ఊరుకుంటే ఈ మెట్లు ఉంటాయి. నమ్రత పక్క మంచం ఉంటుంది. పొద్దున్నే పెద్దమ్మ పిలుపు ఉంటుంది. కానీ ఆ పిలుపు విన్న ప్రతిసారీ అందులో ఇంకో గొంతు వినిపిస్తుంది. ఎక్కడో ఒక ఆఫీసులో, ఎవరు నొక్కితే వాళ్ళకి, అమ్మ పలుకుతుంది. పని చేయగలను సర్, సారీ సర్. మట్టి వేసినవాళ్ళలో ఇక్కడ నిజం చెప్పగలిగింది తనే. తను కూడా ఊరుకుంటే అమ్మ చనిపోయిందని చెప్పేవాళ్ళే ఉండరు.

“వేర్ ఆర్ యూ గోయింగ్? షూస్ ఏవి?” అంది నమ్రత.

జెమీమా వట్టికాళ్ళతో తలుపు తీసుకుని బయటికి నడిచింది. మిసెస్ ఓర్టిజ్ కారు అద్దం దించింది. జెమీమా ఆవిడ మొహంలోకి చూడలేక, కారు అద్దం అంచు చూస్తూ చెప్పింది. క్రిస్మస్ మర్నాడు అన్నది అమ్మ అసలు పుట్టినరోజనీ, హెడ్మాస్టరు జూన్ రాశాడనీ, అది తెలిసినవాళ్ళు ఇప్పుడు ఇద్దరే ఉన్నారనీ. గొంతు అమ్మదని తాను అన్నది తప్పనీ. అది మా పెద్దమ్మ గొంతు. మా అమ్మ చనిపోయింది. చివరి మాట రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెబుతుంటే ఏడుపొచ్చింది.

మిసెస్ ఓర్టిజ్ కలం తీసింది. “ఇదే మాట సోమవారం ఆఫీసులో చెప్పగలవా?”

“చెబుతాను.”

“ఇవాళ ఎక్కడుంటావు? ఉండటానికి చోటుందా?”

జెమీమా వెనక్కి చెయ్యి చూపించింది. “ఇదే మా ఇల్లు.”

అప్పుడే కూడికకి వచ్చే మొదటి కారు వీధి మలుపు తిరుగుతోంది. జెమీమా గడ్డి మీదుగా వెనక్కి నడిచింది. తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. ఆవిడ భుజం మీదుగా పెదనాన్న మొహం, ఏం జరిగిందో ఇంకా తెలియని మొహం, కనిపిస్తోంది. పెద్దమ్మ కారు వైపు చూసింది. కారులో తల వంచుకుని రాసుకుంటున్న మనిషిని చూసింది. తర్వాత జెమీమా కాళ్ళ వైపు, గడ్డి అంటిన ఆ వట్టికాళ్ళ వైపు చూసింది.

“పెద్దమ్మా” అంది జెమీమా, మెట్టు మీద కాలు పెడుతూ.

పెద్దమ్మ తిట్టలేదు. తలుపు నెమ్మదిగా, లోపల నిద్రపోతున్నవాళ్ళు ఉన్నట్టు, చప్పుడు కాకుండా వేసేసింది.